ఐదు సెట్ల మామగారు

మొన్న మండల ఆఫీసులో కౌంటరు దగ్గరి అమ్మాయి మా మామగారి ఇంటిపేరు పిలిచింది. నేను లేవలేదు. వెనక్కి తిరిగి చూశాను. మా ఇంట్లో ఆ పేరుకు మొదటి పిలుపులో లేచే అలవాటు లేదు. రెండోసారి కాస్త గట్టిగా పిలిచింది. అప్పుడు లేచాను.

పోయిన నెల ఆయన పోయారు. అత్తయ్యకు ఫ్యామిలీ పెన్షన్ రావాలంటే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కావాలి. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, మా ఆయనకు క్లయింట్ కాల్. మా ఇంట్లో ఈ రెండూ శాశ్వతం కాబట్టి కాగితాలు పట్టుకుని నేనే వెళ్లాను. ఆ అమ్మాయి నా ఆధార్ కార్డు, ఆయన కాగితాలు పక్కపక్కన పెట్టి చూసింది.

"పోయినాయనకు మీరేమైతరు మేడమ్?"

"కోడల్ని."

"మరి ఇంటిపేరు వేరే ఉన్నదేంది?"

ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే ఒక పూట పడుతుంది. నా వెనకాల వరసలో చాలామంది ఉన్నారు, పైగా లంచ్ టైమ్. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆయన పేరు గానీ, ఆ రెండు ఇంటిపేర్లు గానీ రాయడం లేదు. రాస్తే ఆధారాలు జతపరచాలి. ఆయన దగ్గర నేను పొందిన శిక్షణ అలాంటిది.

ఆయన గోదావరి జిల్లాలో రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఇంతకుమించి జీవిత చరిత్ర అవసరం లేదు, మిగతాదంతా అందులోంచి వచ్చిందే. లోకంలో ఉన్న కష్టాలన్నిటికీ మూలం ఒక మనిషికి రెండు కాగితాల్లో రెండు పేర్లుండటమే అని ఆయన నమ్మకం. అన్నదమ్ముల తగాదాలు, ఆగిపోయిన అమ్మకాలు, చెడిపోయిన సంబంధాలు, అన్నీ అక్కణ్ణుంచే మొదలవుతాయని చెప్పేవారు. ఉదాహరణలు కూడా చెప్పేవారు. ఆపేవారు కాదు.

మణికొండలో కొడుకు ఫ్లాటుకు వచ్చాక కూడా ఆఫీసు మానలేదు. ఆఫీసు అంటే ఒక చీరల కొట్టువాళ్లిచ్చిన గుడ్డ సంచీ. అందులో జిగురు సీసా, స్టాంప్ ప్యాడ్, ఇంటిల్లిపాది పాస్‌పోర్టు సైజు ఫోటోలు. ఏ కాగితమైనా సరే, "ఐదు సెట్లు తీయించు" అనేవారు. ఒకటి అడిగారు కదండీ అంటే, "వాళ్లు అడిగేది ఒకటేనమ్మా. పారేసేవి నాలుగు," అనేవారు. అపార్ట్‌మెంట్ కింద జిరాక్స్ షాపువాడు ఆయన్ని చూస్తే లేచి నిలబడేవాడు. ఆ ఏరియాలో నేను చూసిన నిజమైన గురుభక్తి అదే.

ఫోన్ చేస్తే హలో అనేవారు కాదు. "అమ్మాయ్, పెన్నుందా?" అనేవారు. ఫోన్‌లోనే టైప్ చేసుకుంటానంటే ఒప్పుకునేవారు కాదు. "టైపు చేసింది ఎవరు చేశారో ఎలా తెలుస్తుందమ్మా?" అనేవారు.

ఇంకో సంగతి. బ్యాంకులో గానీ, దవాఖానలో గానీ ఇంటిపేరుతో పిలిస్తే మొదటిసారి పలికేవారు కాదు. వెనక్కి తిరిగి చూసేవారు, పిలిచింది ఇంకెవర్నో అన్నట్టు. రెండోసారి పిలిస్తే అప్పుడు లేచేవారు. కాస్త వినికిడి తగ్గిందని అందరం అనుకున్నాం. రెండు గదుల అవతల నేను నెమ్మదిగా విసుక్కున్నది మాత్రం ఆయనకు స్పష్టంగా వినపడేది.

మాది నార్సింగి. వాళ్లబ్బాయి నాతోపాటు ఉద్యోగం చేసినవాడు. నేను ఉద్యోగం మానేసి పిహెచ్.డి.లో చేరాను, అతను మానలేదు. మా ఇద్దరిలో తెలివైనవారెవరో అప్పుడే తెలిసిపోయింది. రెండు ఇళ్లవాళ్లు మొదటిసారి కలిసినప్పుడు మా నాన్న కట్నం గురించి, పొలం గురించి అన్ని ప్రశ్నలకూ సిద్ధపడి కూర్చున్నాడు. మామగారు టీ తాగి, కప్పు కింద పెట్టి, "అమ్మాయి పదో తరగతి మెమోలో పేరు ఎలా ఉందండీ?" అని అడిగారు.

వాళ్లు వెళ్లాక మా నాన్న నన్ను పక్కకు పిలిచాడు.

"కట్నం అడగలే, మెమో అడిగిండు. గీయనతోని జర జాగ్రత్త బిడ్డా," అన్నాడు.

ముహూర్తం కుదిరింది. నా థీసిస్ అప్పటికే ఇచ్చేశాను, వైవా ఒక్కటే మిగిలింది. ఒక్కటే అనడం తేలిక. బయటినుంచి రావాల్సిన ఎగ్జామినర్‌కు కుదిరేది ఒకే ఒక్క బుధవారం. ఆ ఆదివారమే పెళ్లి. ఆ బుధవారం తప్పితే ఆయన విదేశం వెళ్లిపోతారు, మళ్లీ ఎప్పుడో వాళ్లకూ తెలియదు. గచ్చిబౌలిలో ఒక కంపెనీ నాకు ఉద్యోగం ఇస్తామంది, వైవా అయితేనే అంది. కాబట్టి ఆ రోజుల్లో నేను పట్టుచీరల కొట్టులో పరుపు మీద కూర్చుని, ఒక చెవిలో మా గైడ్ మూడో అధ్యాయంలో దోషాలు చెబుతుంటే, ఇంకో చెవిలో మా అమ్మ "గీ అంచు మంచిగుందా?" అంటుంటే, ఇద్దరికీ కలిపి "బాగుంది" అని చెబుతూ బతికాను. మూడో అధ్యాయం బాగుందన్నందుకు గైడ్ రెండు రోజులు మాట్లాడలేదు.

నేను ఇంటిపేరు మార్చుకునే మాట మామగారు మొదటినుంచీ ఎత్తుతూనే ఉన్నారు. కాబోయే భర్తగారిని మాట్లాడమన్నాను. "నాన్నతో నేను మాట్లాడతాలే," అన్నాడు. ఆ మాట నిశ్చితార్థం నుంచి పెళ్లిదాకా అంటూనే ఉన్నాడు. ఇప్పుడు మామగారు పోయారు కాబట్టి ఆ హామీ ఇక నెరవేరదనే అనుకోవాలి.

చివరికి నేనే చెప్పాను. "అంకుల్, ఈ పేరుతో తిట్లు తిన్నాను. ఈ పేరుతోనే నా పేపర్ మూడు జర్నల్స్ నుంచి తిరిగొచ్చింది. తిరస్కారాలన్నీ ఒక పేరుకొచ్చి, డిగ్రీ ఇంకో పేరుకొస్తే న్యాయం కాదు కదండీ."

ఆయన శ్రద్ధగా విన్నారు. "నిజమేనమ్మా. రెండు పేర్లుంటే ఇబ్బందే. నేను చూసుకుంటాను," అన్నారు.

ఆ 'చూసుకుంటాను' అన్నప్పుడే నేను భయపడాల్సింది. కానీ ఆ వారం శుభలేఖ మీద యుద్ధం నడుస్తోంది. మా వైపువాళ్లు నా పేరు పక్కన బ్రాకెట్లలో పిహెచ్.డి. అని వేయించాలన్నారు. మామగారు ప్రూఫ్ తెప్పించుకుని, ఎర్ర పెన్నుతో బ్రాకెట్లతో సహా కొట్టేశారు. "రానిది వేయకూడదు," అన్నారు. మా నాన్న, "ఇంకో పది దినాలల్ల వస్తది గద సార్," అన్నాడు. "వచ్చాక వేద్దామండి," అన్నారు ఈయన. శుభలేఖ ఒకసారే అచ్చవుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేకపోయారు.

వారం తిరక్కుండా యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి ఫోన్ వచ్చింది. వెళ్లాను. అక్కడి సూపరింటెండెంట్ గారు పొద్దున్నే పేపర్లో చిన్న ప్రకటనలన్నీ చదివే మనిషి. కళ్లజోడు నుదుటికెక్కించి, పేపరు నా వైపు తిప్పారు.

"ఏందమ్మా గిది? నువ్వు నువ్వు కాదంట గద."

చూశాను. ఫలానా ఇంటిపేరు గల నేను వివాహ కారణంగా ఇకమీదట ఫలానా ఇంటిపేరుతో పిలువబడుదునని నేను అందరికీ తెలియజేస్తున్నాను. చాలా మర్యాదగా తెలియజేస్తున్నాను. కింద మా నార్సింగి చిరునామా. అచ్చులో వచ్చిన నా మొదటి రచన అదే. మూడు జర్నల్స్ వెనక్కి పంపిన మనిషిని నేను. ఇది మాత్రం మొదటి ప్రయత్నంలోనే, ఏ సమీక్షకుడి అభ్యంతరమూ లేకుండా అచ్చయింది. రాసింది నేను కాదు, అంతే.

పెళ్లి రిజిస్ట్రేషన్‌కని ఆయన నా చేత సంతకాలు పెట్టించిన కాగితాల దొంతర గుర్తొచ్చింది. ఐదు సెట్లు.

"ఇగ నువ్వు ఏ పేరుదానివో తేలేదాక వైవా లేదు బిడ్డా. నేను ఫైల్ పెట్టిననుకో, రేపు ఎవడన్న గీ పేపర్ పట్కొని ఒస్తే నా నౌకరీ పోతది," అన్నారు సూపరింటెండెంట్.

బుధవారానికి వారం కూడా లేదు. బయటికొచ్చి మామగారికి ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే, "చూశావా అమ్మాయ్? పెళ్లికి నా కానుక," అన్నారు. ఎంత సంతోషంగా అన్నారంటే, తిట్టడానికి నేను ఎంచుకున్న మాటలన్నీ వరసలోంచి తప్పుకున్నాయి. "అంకుల్, మీరు ఒకసారి ఇక్కడికి రండి," అని మాత్రం అన్నాను. రాని డిగ్రీని కొట్టేసిన మనిషి రాని ఇంటిపేరును ఊరంతటికీ ఎలా చాటారని అడగాలని ఉంది. ఎదురుగా అడుగుదామని దాచుకున్నాను.

మర్నాడు ఉదయమే సంచీతో సహా వచ్చారు. సూపరింటెండెంటు ఎదురుగా కూర్చున్నారు. ఇద్దరు ఆఫీసువాళ్లు అలా ఎదురెదురుగా కూర్చుంటే పక్కనున్నవాళ్లు మాట్లాడకూడదు.

"వివాహానికి ముందే పేరు మార్పు ప్రకటించకూడదని రూల్ ఎక్కడుందండీ?" అన్నారు ఈయన.

"సార్, మార్చుకోవద్దని నేనంటలేను. మారిస్తే గెజిట్ తీసుకరాండ్రి. మారలేదంటే మారలేదని రాసియ్యుండ్రి. నడిమిట్ల నిలవడితే నేనేం చెయ్యాలె?"

"గెజిట్‌కి టైం పడుతుందండి."

"గందుకే ఫికర్ అయితున్నది. లంచ్ తర్వాత రాండ్రి."

కారిడార్‌లో బెంచీ మీద కూర్చున్నాం. ఆయన సంచీలోంచి అత్తయ్య కట్టిచ్చిన పులిహోర డబ్బా తీసి నా చేతిలో పెట్టారు. పులిహోర బాగుంది. అది నా కోపాన్ని ఇంకా పెంచింది. బాగా లేకపోతే కనీసం ఒక కారణం దొరికేది.

"అంకుల్, మీకు పేరు మారడమంటే కాగితం మారడమే. మీరెప్పుడన్నా మార్చుకున్నారా?" అన్నాను. దెప్పుదామనే అన్నాను.

"ఆఁ. మార్చుకున్నానమ్మా," అన్నారు.

నేను తినడం ఆపాను.

"మూడో తరగతిలో ఉండగా మా అమ్మ మేనమామకి నన్ను దత్తతిచ్చారు. పక్కూరే. కొత్త బట్టలు కుట్టించారు, భోజనాలు పెట్టారు. నాకేమో పెళ్లిలా ఉంది. మర్నాడు అక్కడి బళ్లో వేశారు. క్లాసులో నా పేరున్నవాడు ఇంకోడున్నాడు. అందుకని మాస్టారు ఇంటిపేరుతో హాజరు పిలిచేవారు. కొత్త ఇంటిపేరు. నాకది తట్టేది కాదు. నా వెనకాల ఇంకెవడో కూర్చున్నాడనుకుని వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. వెనకాల గోడ. రెండోసారి పిలిచి, చెవుడా అని ఒక్కటిచ్చేవారు." ఆయన నవ్వారు. "ఇప్పటికీ అంతేనమ్మా. ఎవరన్నా పిలిస్తే ముందు వెనక్కి చూస్తాను."

"ఇంట్లో తెలుసా?"

"దత్తత సంగతి అందరికీ తెలుసు. గోడ సంగతి మీ అత్తయ్యకే తెలుసు." సంచీ సర్దుకుని, "చిన్నప్పుడు మారిస్తే మర్చిపోతారంటారు. మర్చిపోరు. నీకు డిగ్రీ రాకముందే మార్చేస్తే, కాగితాలైనా అన్నీ ఒక్క మాట మీద ఉంటాయనుకున్నా. మనిషిలో రెండున్నా, కాగితంలో ఒకటే ఉండాలి కదమ్మా," అన్నారు.

"మనిషిలోనూ ఒకటే ఉంటే ఎలా ఉంటుందంకుల్?"

ఆయన పులిహోర డబ్బా మూత పెట్టారు. సరిగ్గా పట్టలేదు. మళ్లీ తీసి పెట్టారు.

"అది నాకు తెలీదమ్మా," అన్నారు.

బ్రాకెట్ల సంగతి అడుగుదామని దాచుకున్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. చాలా మంచి ప్రశ్న. వాడే అవకాశం మళ్లీ రాలేదు.

సూపరింటెండెంటు తిరిగొచ్చి మమ్మల్ని లోపలికి పిలిచారు. మామగారు నోరు తెరవబోతే చేత్తో ఆపారు. "సార్, మీరు జర కూసోండ్రి. అమ్మా, నువ్వు చెప్పు. నీకే పేరు కావాలె?"

నిశ్చితార్థమై నెలలు గడిచాయి. చీర రంగు అడిగారు, వంటలు అడిగారు, హారానికి ఏ రాళ్లో అడిగారు. ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగినాయన చేతిలో సగం తిన్న సమోసా ఉంది. పక్కనే మామగారు కూర్చుని ఉన్నారు. ఆయన మొహం చూస్తే చెప్పలేనని కిటికీ వైపు చూశాను.

"ఉన్నదే ఉండనియ్యండి సార్," అన్నాను.

మామగారు సంచీ ఒళ్లో పెట్టుకుని దాని వైపే చూస్తూ కూర్చున్నారు. పెళ్లి ఆగిపోతుందేమో అనిపించింది. ఫంక్షన్ హాల్‌కు ఇచ్చిన అడ్వాన్సు కూడా గుర్తొచ్చిందని చెప్పడానికి సిగ్గుపడను.

"పెన్నుందా అమ్మాయ్?" అన్నారు.

జేబులో రెండు పెన్నులు పెట్టుకుని నా పెన్ను అడిగారు. ఇచ్చాను. తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టారు. సదరు ప్రకటన అమ్మాయి ప్రమేయం లేకుండా కాబోయే మామగారైన నా చేత పొరపాటున ఇవ్వబడినదనీ, అమ్మాయి పేరు మారలేదనీ, మారబోదనీ. 'మారబోదు' అన్నది నేను అడగలేదు. సూపరింటెండెంటూ అడగలేదు. రాసి, సంతకం చేసి, పక్కన నా చేత కూడా సంతకం చేయించి, పేపర్లోనూ రద్దు ప్రకటన వేయిస్తానని కింద ఇంకో వాక్యం చేర్చారు.

సూపరింటెండెంటు చదివారు. మళ్లీ చదివారు. "సార్, డ్రాఫ్టింగ్ జబర్దస్త్ ఉన్నది," అన్నారు.

మామగారు కిందికెళ్లి జిరాక్స్ తీయించుకొచ్చి ఐదు కాపీలు టేబుల్ మీద పెట్టారు.

"ఒక్కటి చాలు సార్."

"ఉంచండి. ఉంటాయి," అన్నారు ఈయన. ఒక శుభలేఖ కూడా ఇచ్చారు.

బుధవారం వైవా జరిగింది. మామగారు వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. మొదటి స్లైడు మీద నా పేరు అక్షరం అక్షరం చదివారు, తలూపారు, తర్వాత ప్రశాంతంగా నిద్రపోయారు. నా నాలుగేళ్ల పరిశోధనకు అందిన స్పందనల్లో అది మరీ అధ్వాన్నమైనదేం కాదు. చివర్లో ఎగ్జామినర్ నా పేరుకు ముందు డాక్టర్ చేర్చి, ఇంటిపేరుతో సహా చదివారు. చప్పట్లకు ఈయన మేలుకుని, అందరూ ఆపేశాక కాసేపు ఒక్కరే కొట్టారు.

సాయంత్రం యూనివర్సిటీ కాగితం చేతికొచ్చేదాకా కదల్లేదు. కాగితం చూసుకుని ఇంటికెళ్లి, పంచగా మిగిలిన శుభలేఖలన్నీ ముందేసుకుని, నా పేరు పక్కన పెన్నుతో పిహెచ్.డి. అని రాస్తూ కూర్చున్నారట. బ్రాకెట్లు లేకుండా.

పెళ్లయ్యాక నాలో ఏదో మెత్తబడింది. ఒకరోజు, "మామయ్యగారూ, ఇప్పుడు తీరిగ్గానే ఉన్నాను. మీకు ఇష్టమైతే పేరు మార్పించుకుంటాను," అన్నాను. నా ఉదారతకు నేనే కొంచెం చలించాను. ఆయన పేపర్లోంచి తలెత్తలేదు.

"వద్దమ్మా. మళ్లీ ఐదు సెట్లు ఎవరు తీయిస్తారు?" అన్నారు.

ఆ తర్వాత ఆయనతో వేగడం ఇంకా కష్టమైంది. చుట్టాలెవరైనా నన్ను మామగారింటి పేరుతో పిలిస్తే అక్కడికక్కడే దిద్దేవారు. గ్యాస్ సిలిండర్ తెచ్చిన కుర్రాడికి, సిలిండర్ భుజం మీదుండగానే, మా కోడలి ఇంటిపేరు వేరని వివరించేవారు. లిఫ్టులో మా పైఅంతస్తు ఆవిడ "కోడలు మీ పేరు పెట్టుకోలేదాండీ?" అంటే, "మేం ఒప్పుకోలేదండీ," అన్నారు. ఆవిడ ఏమర్థం చేసుకుందో, నన్ను చూసినప్పుడల్లా జాలిగా నవ్వుతుంది.

కౌంటరు దగ్గరి అమ్మాయి ఇంకా నా వైపే చూస్తోంది.

"పెండ్లయినంక పేరు మార్చుకోలేదా మేడమ్?"

"మా మామగారు మార్చుకోనివ్వలేదమ్మా."

ఆ అమ్మాయి కలం పట్టుకున్న చెయ్యి ఆగింది. "గట్ల గుడ ఉంటరా?" అంది.

"ఉండేవారు. చాలా విసిగించేవారు."

చీరల కొట్టు సంచీలోంచి పెళ్లి సర్టిఫికెట్ కాపీలు తీసి కౌంటరు మీద పెట్టాను. ఆ అమ్మాయి పైది తీసుకుని మిగతావి నా వైపు జరిపింది.

"ఒక్కటి చాలు మేడమ్."

"ఉంచమ్మా. ఉంటాయి," అన్నాను.